సంచి ఎవరిది? ప్రయాణాల్లో సామాను, సోదాలు, స్త్రీల హక్కులు

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస గురించి, ఆస్తిహక్కు గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి నిన్నటిదాకా మాట్లాడుకున్నారు. ఇవాళ్టి అంశం సామాను అనగానే ముందు వరసలో కొందరు నవ్వారు. పెట్టె ఎంత బరువుండాలో టికెట్టు మీదే ఉంటుంది కదా, దానికొక క్లాసెందుకు అనుకోవడంలో తప్పు లేదు. అయితే మన దగ్గరికి సహాయం కోసం వచ్చే స్త్రీలను గుర్తు చేసుకోండి. రైల్లో గంజాయి సంచి పక్కన దొరికి విచారణ ఖైదీగా ఉన్న గిరిజన స్త్రీ ఉంటుంది. కువైట్‌లో నాలుగేళ్లు ఇంటిపని చేసి తిరిగొస్తే తను దిగి, పెట్టె దిగని స్త్రీ ఉంటుంది. తనిఖీ పేరుతో మగ కానిస్టేబులు ఒంటిమీద చెయ్యి వేశాడని చెప్పలేక చెప్పే కాలేజీ పిల్ల ఉంటుంది. ఈ ముగ్గురి విషయంలోనూ చట్టం స్పష్టంగానే ఏదో ఒకటి చెప్పింది. ఆ చెప్పినదేమిటో వాళ్లకు చేరలేదు.

అసలు ప్రయాణమంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. మగవాడు టికెట్టు జేబులో పెట్టుకుంటాడు. ఆడది మూటలు లెక్కపెట్టుకుంటుంది. సర్దడం, మోయడం, రాత్రంతా మేలుకుని కాపలా కాయడం, పోతే తిట్లు తినడం అన్నీ ఆమెవే. తన సామానే కాదు, ఊళ్లోవాళ్ల సామాను కూడా. "వదినా, మావాడు అక్కడే ఉన్నాడు, ఈ పొట్లం కాస్త అందించు" అంటే కాదనడానికి నోరు రాదు. కాదంటే పొగరంటారు. ఈ మొహమాటం ఎంతదాకా తీసుకుపోతుందో కాసేపట్లో చెప్తాను.

ముందు రైలు సంగతి. రైల్వే నిబంధనల ప్రకారం ఉచితంగా తీసుకుపోగలిగిన బరువు తరగతిని బట్టి మారుతుంది. జనరల్ బోగీలో మనిషికి 35 కిలోలు, స్లీపర్లో 40, ఏసీ టూ టైర్లో 50, ఏసీ ఫస్ట్ క్లాసులో 70. ఈ అంకెల వరసలోనే ఒక రాజకీయం ఉంది. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో పనికి వలసపోయే కుటుంబం గిన్నెలు, చాపలు, పొయ్యి, పిల్లల బట్టలు, బియ్యం, మొత్తం ఇల్లే మూటకట్టుకొని పోతుంది. వాళ్లకు 35 కిలోలు. చక్రాల పెట్టెలో రెండు జతల బట్టలతో పోయే పెద్దమనిషికి 70. డబ్బు ఎక్కువ కట్టాడు కాబట్టి అంటారు. సరే. కానీ బరువు ఎవరికి ఎక్కువో నిబంధన రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

ఉచిత హద్దు దాటితే పార్సిల్ ఆఫీసులో బుక్ చేయించాలి. మామూలు లగేజీ రేటుకు ఒకటిన్నర రెట్లు పడుతుంది. బుక్ చేయించకుండా పట్టుబడితే ఆరు రెట్లు. ఆకుకూరల గంపలు, చేపల బుట్టలు, పూల మూటలతో పాసింజర్లలో తిరిగే చిన్న అమ్మకందారు స్త్రీలకు ఈ ఆరు రెట్లు అనే మాట చూపించే బెదిరింపులు పెడుతుంటారు. అమ్మకపు సరుకును సొంత సామానుగా తీసుకుపోవడానికి వీల్లేదన్న నిబంధన నిజమే. కానీ జరిమానా కట్టించుకుంటే రసీదు ఇవ్వాలన్నది కూడా అంతే నిజం. రసీదు లేకుండా చేతులు మారేది జరిమానా కాదని ఆ స్త్రీల సంఘాలకు మనం చెప్పగలగాలి.

ఇక దొంగతనం. 1989 రైల్వే చట్టంలో 100వ సెక్షన్ ఉంది, రాసుకోండి. సామానును రైల్వే ఉద్యోగి బుక్ చేసి రసీదు ఇస్తేనే దాని నష్టానికి రైల్వేది బాధ్యత. మన వెంట బోగీలో పెట్టుకున్న సామాను పోతే రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం వల్లో, దుష్ప్రవర్తన వల్లో పోయిందని మనం రుజువు చేయాలి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో పోయింది. నడుముకు కట్టుకున్న బెల్టులో లక్ష రూపాయలు పెట్టుకున్న ప్రయాణికుడి డబ్బు రైల్లో పోయింది. వినియోగదారుల ఫోరాలు అతని పక్షాన తీర్పు ఇచ్చాయి. సొంత వస్తువును తాను కాపాడుకోలేకపోతే అది రైల్వే సేవలో లోపం కాదని సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. నా దృష్టిలో ఇది ప్రయాణికుల పట్ల కఠినమైన తీర్పే. ఒంటరిగా పిల్లలతో పోయే స్త్రీ రాత్రంతా మేలుకుని ఉండాలని చెప్పినట్టుంది. అయినా చట్టం ఇలా ఉన్నప్పుడు మనం చేయాల్సింది, నిర్లక్ష్యం జరిగితే దానికి రుజువు అప్పటికప్పుడే పోగుచేయడం. రిజర్వుడు బోగీలో టికెట్టు లేనివాళ్లను ఎక్కనిచ్చారా? టీటీఈకి చెప్పినా పట్టించుకోలేదా? సాక్షులెవరు? ఫిర్యాదు ఎన్ని గంటలకు ఇచ్చారు? ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

ఫిర్యాదు కోసం మధ్యలో రైలు దిగిపోనక్కర్లేదు. ఎఫ్ఐఆర్ ఫారం టీటీఈ దగ్గర, గార్డు దగ్గర, ఎస్కార్టు పోలీసుల దగ్గర దొరుకుతుంది. నడిచే రైల్లోనే నింపి ఇవ్వొచ్చు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. 139 నంబరుకు ఫోన్ చేస్తే ఆ కాల్‌కు రిఫరెన్సు నంబరు ఇస్తారు, అది కూడా రాసిపెట్టుకోవాలి. ఒంటరిగా పోయే స్త్రీల కోసం రైల్వే రక్షణ దళం 2020లో 'మేరీ సహేలీ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మహిళా సిబ్బంది సీటు దగ్గరికొచ్చి మాట్లాడి వెళ్తారు.

బుక్ చేసిన పెట్టె పోతే పూర్తి నష్టం వస్తుందని అనుకోవద్దు. విలువ ప్రకటించకుండా బుక్ చేస్తే లగేజీకి కిలోకు 100 రూపాయలే హద్దు. 40 కిలోల ట్రంకు పోతే 4,000 రూపాయలు. అందులో కుట్టుమిషను ఉన్నా అంతే, కూతురి పెళ్లి చీరలున్నా అంతే. అందుకే బుక్ చేసేటప్పుడే విలువ ప్రకటించి, దానికి అడిగే అదనపు శాతం రుసుము కట్టాలి. నష్టం జరిగితే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి. ఆ తరువాతే ట్రిబ్యునల్. ఈ ఆరు నెలలు దాటిపోయిన తరువాత మన దగ్గరికి వస్తే మనం చేయగలిగింది చాలా తక్కువ.

ఇప్పుడు సోదాల విషయం. ఇక్కడ రెండింటిని వేరుచేసి చూడాలి. ఒంటిని సోదా చేయడం వేరు, సంచిని సోదా చేయడం వేరు. స్త్రీ ఒంటిని స్త్రీ మాత్రమే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్లో ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 49వ సెక్షన్లో ఉంది. కస్టమ్స్ చట్టం 102వ సెక్షన్, మాదకద్రవ్యాల చట్టం అంటే ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్ కూడా ఇదే మాట చెప్తాయి. మహిళా సిబ్బంది లేరంటే వచ్చేదాకా ఆగాల్సింది వాళ్లు. "లేరు కాబట్టి నేనే చూస్తా" అనే అధికారం ఎవరికీ లేదు.

సంచి విషయంలో ఈ రక్షణ లేదు. మగ అధికారి తెరవొచ్చు. లోదుస్తులు, నెలసరి గుడ్డలు అందరి ముందూ బల్ల మీద పరిచేస్తే మన ఆడపిల్లలు సిగ్గుతో చితికిపోతారు. పక్కకు తీసుకెళ్లి చూడమని, మహిళా అధికారిని పిలవమని అడగవచ్చు. అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడగడానికి ధైర్యం కావాలి, అది అలవాటు చేయాలి. ఏదైనా స్వాధీనం చేసుకుంటే జాబితా రాయాలి. ఆ ప్రక్రియను ఆడియో వీడియోగా రికార్డు చేయాలని సంహిత 105వ సెక్షన్ చెప్తోంది. చదవకుండా, చదవడం రాకపోతే ఎవరైనా చదివి చెప్పకుండా ఆ జాబితా మీద వేలిముద్ర వేయొద్దు.

విమానాశ్రయంలో స్త్రీలను తెర చాటున మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు, అంతవరకు నయం. కానీ అందరి శరీరాలూ ఒకేలా ఉండవన్న ఎరుక అక్కడ ఇంకా సరిగ్గా రాలేదు. 'మయూరి' సినిమాతో మనందరికీ తెలిసిన నర్తకి సుధా చంద్రన్, ప్రతిసారీ తన కృత్రిమ కాలు విప్పి చూపించమంటున్నారని 2021 అక్టోబరులో వీడియోలో బాధపడింది. సీఐఎస్‌ఎఫ్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. పేరున్న మనిషి కాబట్టి క్షమాపణ వచ్చింది. మన జిల్లాల నుంచి పోయే వికలాంగ స్త్రీకి అది వస్తుందా అన్నది మీరే ఆలోచించండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇతరుల సంచి.

విశాఖ ఏజెన్సీ, అంటే ఇవాళ్టి అల్లూరి సీతారామరాజు జిల్లా, దాని ఆనుకుని ఒడిశా కొండలు. అక్కడినుంచి గంజాయి బస్సుల్లో, రైళ్లలో బయటికి పోతుంది. మోసేవాళ్లలో స్త్రీలు ఎందుకుంటారు? ఆడమనిషి చంకలో పిల్లతో కూర్చుంటే అనుమానం తక్కువ కాబట్టి. నాలుగు వేలో, అయిదు వేలో చేతిలో పెడతారు. కొందరికి సంచిలో ఏముందో తెలుసు, కొందరికి తెలియదు. తెలిసిన స్త్రీ కూడా ఏ పరిస్థితిలో ఒప్పుకుందో మనం చూడకుండా ఉండలేం. సరుకు పెట్టిన వ్యాపారి, కొనే వ్యాపారి రైల్లో ఉండరు. దొరికేది మోసిన మనిషి.

ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి కిలో దాకా అయితే ఏడాది దాకా శిక్ష. కిలో దాటి 20 కిలోల దాకా అయితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా కూడా పడవచ్చు, పైన లక్షకు తగ్గని జరిమానా. ఈ పెద్ద పరిమాణానికి 37వ సెక్షన్ కింద బెయిలు రావడం చాలా కష్టం. స్త్రీ అని, చంటిపిల్ల తల్లి అని మామూలు కేసుల్లో దొరికే వెసులుబాటు ఇక్కడ అంత తేలిగ్గా దొరకదు.

50వ సెక్షన్ మీద చాలామందికి ఒక భ్రమ ఉంది. గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో సోదా చేయమని కోరే హక్కు నిందితురాలికి ఉంది. ఆ హక్కు ఉందని పోలీసులే ఆమెకు చెప్పాలని 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం బల్దేవ్ సింగ్ కేసులో చెప్పింది. కానీ ఆ రక్షణ ఒంటి సోదాకే, చేతిసంచికి వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో తేల్చింది. 2023లో మళ్లీ అదే చెప్పింది. కాబట్టి సంచిలో దొరికిన కేసులో 50వ సెక్షన్ పాటించలేదనే వాదన మీదే ఆధారపడితే నిలబడదు.

మరి ఏం మిగులుతుంది? సంచి ఆమె ఆధీనంలో ఉందని ముందు పోలీసులు రుజువు చేయాలి. జనరల్ బోగీలో సీటు కింద ఉన్న సంచి ఎవరిదైనా కావొచ్చు. అది ఆమె ఆధీనంలోనే ఉందని తేలిందా, అప్పుడు లోపల ఏముందో తనకు తెలియదని చూపించే భారం ఆమె మీద పడుతుంది. 35, 54 సెక్షన్లు అలా ఉన్నాయి. "నాది కాదు" అన్న ఒక్క మాట సరిపోదు. అందుకే మనం కేసు తెలిసిన రోజే కదలాలి. ఆమె ఏ స్టేషన్లో ఎక్కింది, టికెట్టు ఎవరు కొన్నారు, ఆ రోజు ఆమె ఫోనుకు ఎవరెవరు చేశారు, సంచి ఎవరు తెచ్చి పెట్టారు. స్టేషన్ కెమెరాల రికార్డు కొన్నాళ్లకు చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని వెంటనే కోర్టులో దరఖాస్తు పెట్టాలి. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయవాది హక్కు ఉంది. 15100 నంబరు మీ సంఘం గోడమీద రాసి పెట్టండి.

విమానంలో ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే పరాయి దేశంలో పరాయి భాషలో సమాధానం చెప్పుకోవాలి. ముంబయికి చెందిన దంపతుల సంగతి చాలామంది చదివే ఉంటారు. 2019లో ఖతార్ పోయారు. దగ్గరి బంధువురాలే ప్రయాణం ఏర్పాటు చేసి, అక్కడి మనిషికి ఇమ్మని ఒక పొట్లం ఇచ్చింది. దోహా విమానాశ్రయంలో అందులో నాలుగు కిలోలకు పైగా హషీష్ బయటపడింది. ఇద్దరికీ పదేళ్ల శిక్ష. ఆమె అప్పటికి గర్భవతి, జైల్లోనే ఆడపిల్లను కన్నది. ఇక్కడి కుటుంబం, అధికారులు సాక్ష్యాలు పోగుచేసి పోరాడితే 2021లో నిర్దోషులుగా ఇంటికొచ్చారు. పొట్లం ఇచ్చింది ముక్కూమొహం తెలియని మనిషి కాదు, సొంత మేనత్త. నేను మొహమాటం అన్నది దీన్నే.

పెట్టెకు మనం తాళం వేసుకున్నా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. 2023 మార్చిలో బ్రెజిల్ నుంచి జర్మనీ పోయిన ఇద్దరు స్త్రీలను ఫ్రాంక్‌ఫర్ట్‌లో అరెస్టు చేశారు. వాళ్ల పేరున్న ట్యాగులతో వచ్చిన పెట్టెల్లో సుమారు 40 కిలోల కొకెయిన్ ఉంది. సావోపాలో విమానాశ్రయంలో లోపలి పనివాళ్లు ట్యాగులు తీసి వేరే పెట్టెలకు అంటించారు. అక్కడి కెమెరాల రికార్డు బయటికొచ్చాక గానీ వాళ్లను వదల్లేదు, 38 రోజులు జైల్లో ఉన్నారు. విమానం లెక్కలో పెట్టె యజమాని ఎవరంటే ట్యాగు మీద పేరున్నవాళ్లు. ఇచ్చేముందు పెట్టెను అన్నివైపులా ఫోటో తీసుకోవడం, తూకం వేసినప్పుడు ఎన్ని కిలోలు పడిందో చూసుకోవడం, బోర్డింగ్ పాస్‌కు అంటించిన ట్యాగు ముక్కను ఇల్లు చేరేదాకా పారేయకపోవడం, ఈ మూడూ మన స్త్రీలకు నేర్పాలి. "అమ్మా, నీకు బరువు మిగిలింది కదా, ఈ పెట్టె నీ పేర వేయించు" అని క్యూలో అడిగేవాళ్లుంటారు. కడప నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్ పోయే స్త్రీకి అడిగిన మనిషి తెలుగులో మాట్లాడితే చాలు, చుట్టమైపోతాడు. లేదని చెప్పడం ముందే సాధన చేయించండి.

తన సామానులోనూ జాగ్రత్త. మన వంటింటి గసగసాలు యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో నిషిద్ధం. అవి నల్లమందు మొక్క గింజలే కదా. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు అక్కడ నియంత్రణలో ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా, ముందస్తు అనుమతి అవసరమైన చోట అది లేకుండా తీసుకుపోకూడదు. ఏజెంట్లు ఇవేవీ చెప్పరు. తిరుగు ప్రయాణంలో ఇంకో రకం ఇబ్బంది. జీతం బాకీ అడిగిన పనిమనిషి మీద దొంగతనం నింద వేయడం యజమానులకు తెలిసిన విద్యే. వాళ్లు ఇచ్చిన పాత బట్టలు, గాజులు, ఫోను కూడా ఆ నిందకు పనికొస్తాయి. ఇచ్చిన రోజే ఒక చిన్న కాగితం మీద రాయించుకోవడం, కుదరకపోతే ఇస్తున్నప్పుడు ఫోనులో వాయిస్ మెసేజ్ అయినా ఉంచుకోవడం మంచిది. బంగారం ఉంటే ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎర్రదారిలో పోయి చెప్పాలి. స్వాధీనం చేసుకుంటే రసీదు అడగాలి. నోటీసు, వాదన వద్దని ముందే అచ్చువేసిన కాగితం మీద సంతకం పెట్టించుకోవడం చెల్లదని 2025లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాబట్టి సంతకం పెట్టేసి వచ్చినామె కూడా ఆశ వదులుకోనక్కర్లేదు.

చివరిగా రాని పెట్టె, పగిలిన పెట్టె. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒడంబడిక వర్తిస్తుంది. భారతదేశం 2009లో అందులో చేరింది, గల్ఫ్ దేశాలూ ఉన్నాయి. 2024 డిసెంబరు 28 నుంచి ప్రయాణికురాలికి సామాను నష్టపరిహారం హద్దు 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. మన రూపాయల్లో లక్షా డెబ్భై వేలకు పైమాటే. అది హద్దు మాత్రమే, అంతా చేతికిస్తారని కాదు. పెట్టెలో ఏముందో మనం చూపించాలి. దేశంలోపలి ప్రయాణానికి హద్దు 20 వేలు. నగలు, డబ్బు, పాస్‌పోర్టు, రోజూ వేసుకునే మందులు పెట్టెలో వేయొద్దని విమాన సంస్థలు ముందే రాసుకుంటాయి, వాటిని చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే కౌంటరులో పీఐఆర్ అనే ఫారం నింపించి నకలు తీసుకోవాలి. బయట జీపు ఎదురుచూస్తోందని, రాత్రయిందని వచ్చేస్తారు, అక్కడే సగం కేసు పోతుంది. పగిలిన, చిరిగిన పెట్టెకు ఏడు రోజుల్లోగా రాతపూర్వక ఫిర్యాదు. ఆలస్యంగా వచ్చిన పెట్టెకు అది చేతికొచ్చిన రోజునుంచి 21 రోజుల్లోగా. 21 రోజులకూ రాకపోతే పోయినట్టే లెక్కించి పరిహారం అడగవచ్చు. దావా వేయడానికి రెండేళ్లు గడువు. ఫోనులో చెప్పింది ఫిర్యాదు కిందికి రాదు, కాగితమో ఈమెయిలో ఉండాలి.

నమూనా ఉత్తరాలు మూడు తెచ్చాను. ఒకటి రైల్వే క్లెయిమ్ నోటీసు, రెండోది విమాన సంస్థకు ఫిర్యాదు, మూడోది కెమెరా రికార్డు భద్రపరచమని కోర్టుకిచ్చే దరఖాస్తు. భోజనాల తరువాత జిల్లాలవారీగా కూర్చుని, పాత ట్యాగు ముక్కలూ రసీదులూ ఎవరి దగ్గరైనా ఉంటే వాటిలోని నంబర్లు చూసి నింపుదాం. సందేహాలు అప్పుడే అడగండి.